మామిడి తోటలో విచ్చలవిడి మంచితనం

మైలవరం దాటాక ఒక మామిడి తోటలో జరుగుతున్న వ్యవహారాల మీద అధికారులు ఇంతవరకూ దృష్టి పెట్టకపోవడం విచారకరం. సంక్రాంతి సెలవుల్లో నేను స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. చెట్ల నిండా పూత, చెట్ల కింద గుడారాలు, ఒక నీళ్ళ ట్యాంకు, వరుసగా బాత్రూములు, వెనకాల కొండపల్లి అడవుల వైపు సాగే గుట్టలు. కరెంటు ఆఫీసు గదికి మాత్రమే. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. డబ్బు కట్టి మరీ దోమలతో కుట్టించుకుని రావడం నగరవాసి హక్కు. నా ఫిర్యాదల్లా అక్కడికి చేరిన జనం చీకటి పడగానే ఒకరికొకరు సాయం చేసుకోవడం మీద.

అడక్కుండా చేసుకుంటున్నారు. రసీదు కూడా లేకుండా చేసుకుంటున్నారు.

విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు జాయింట్ సెక్రటరీని కాబట్టి, నలుగురూ ఒకచోట ఎలా బతకాలో నాకు కొంత తెలుసు. తలుపులు వేసుకుని బతకాలి. లిఫ్టులో ఎవరైనా ఎదురైతే అంతస్తుల నంబర్లు వెలిగేవైపు చూడాలి. మెయింటెనెన్స్ అయిదో తారీఖు లోపల కట్టాలి. 1987లో మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం చేసినవాళ్ళు ఉమ్మడి స్థలాలంటే ఏమిటో, అందులో ఎవరి వాటా ఎంతో శ్రద్ధగా రాశారు. మెట్లు ఉమ్మడి, డాబా ఉమ్మడి. పక్క ఫ్లాటు పిల్లాడికి జ్వరమొస్తే అది కూడా ఉమ్మడి అని ఎక్కడా రాయలేదు. ఆ మాత్రం ముందుచూపు వాళ్ళకుంది.

ఆ తోటలో మాత్రం అర్ధరాత్రి ఒక పిల్లాడు ఒళ్ళు కాలిపోతూ ఏడిస్తే చుట్టుపక్కల గుడారాల జిప్పులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఒకావిడ జ్వరం సిరప్పు తెచ్చింది. ఒకాయన థర్మామీటరు వెతికి తెచ్చి టార్చి వెలుగులో చదవలేక ఇంకొకరికి ఇచ్చాడు. చేతిలో ఏమీ లేని ఒక పెద్దావిడ ఉప్పు తీసుకుని దిష్టి తీసింది. వీటిలో ఏది పనిచేసిందో ఇప్పటికీ విచారణ జరగలేదు. తెల్లారేసరికి వాడు ఎవరి గుడారం ముందు కూర్చుని ఉప్మా తింటున్నాడో కన్నతల్లికి తెలియదు. ఆవిడ వెతకనూ లేదు. మా బిల్డింగులో పిల్లలు కారిడార్‌లో బంతి ఆడితేనే మినిట్స్‌లో ఎక్కిస్తాం.

చుట్టరికాల సంగతి మరీ ఘోరం. మధ్యాహ్నం గుడారం మేకులు కొడుతూ, 'ఏవండీ, ఆ సుత్తి ఒకసారి ఇస్తారా?' అని అడిగిన మనిషి సాయంత్రానికి నన్ను 'అన్నయ్య గారూ' అన్నాడు. ఆయన భార్య కూడా వచ్చి 'అన్నయ్య గారూ' అంది. ఇద్దరికీ నేనే అన్నయ్యనైతే వాళ్ళిద్దరూ ఏమవుతారో ఎవరూ ఆలోచించలేదు. మా బిల్డింగులో ఇలాంటి గందరగోళానికి తావు లేదు. నంబర్లతో పని జరిగిపోతుంది. 104 ఇంకా బాకీ ఉన్నాడు. 201 కారు అడ్డంగా పెట్టాడు. 402 పోయాడట.

నంబర్లంటే గుర్తొచ్చింది, 303 కూడా అక్కడికి వచ్చాడు. గుమ్మం బయట చెప్పుల స్టాండు పెట్టినందుకు నేను లిఖితపూర్వకంగా నోటీసిచ్చిన 303 ఈయనే. దానికి జవాబుగా నా స్కూటర్ పార్కింగ్ గీత దాటిందని ఫొటో తీసి గ్రూపులో పెట్టిన 303 కూడా ఈయనే. నీళ్ళ ట్యాంకు పొంగి దారంతా బురదైనప్పుడు నా కారు చక్రం అందులో దిగబడింది. ఎక్కడి నుంచి వచ్చాడో, లుంగీ ఎగ్గట్టి, ఉత్త కాళ్ళతో బురదలోకి దిగి, వెనక నుంచి భుజం పెట్టాడు. 'స్టీరింగ్ ఎడమకు తిప్పండి, ఎడమకు' అని కేకలు పెడుతుంటే ఆయన గొంతు ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాను. అంతకుముందు మా మధ్య జరిగిందంతా రాతపూర్వకమే. కారు బయటికొచ్చాక ఆయన చెప్పుల కోసం గుడారం వైపు వెళ్ళాడు. చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. అక్కడ నోటీసిచ్చే అధికారం నాకు లేదు.

తోటల్లో కలిసి తినడం మనకు కొత్త కాదని కొందరు వాదిస్తారు. కార్తీక మాసం వస్తే ఈ చుట్టుపక్కల తోటలన్నీ ఆదివారాలకు ముందే బుక్కైపోతాయి, ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేస్తాం, నిజమే. కానీ వనభోజనాలకు ఒక క్రమశిక్షణ ఉంది. ఏ కులం వాళ్ళది ఏ తోటో నాయకుల ఫొటోలతో సహా గేటు ముందు ఫ్లెక్సీ కడతారు. పొరపాటున పక్క తోటలో దూరి వాళ్ళ పులిహోర తినేసే ప్రమాదం ఉండదు. ఉసిరి చెట్టు ఎవరికి చెందిందో తేల్చే ఏర్పాటు మాత్రం ఇంకా జరగలేదు, దాన్ని కూడా త్వరలో చూస్తారని ఆశిద్దాం. ఈ గుడారాల దగ్గర ఆ జాగ్రత్త బొత్తిగా లేదు. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మా గుడారం ముందుకొచ్చి గోంగూర పచ్చడి పెట్టింది. 'మీ ఇంటిపేరేమిటండీ?', 'మనవాళ్ళేనా?' వంటి ప్రాథమిక దర్యాప్తు ఏదీ జరగలేదు. పెట్టాక అడుగుతారేమోనని ఎదురుచూశాను. 'ఉల్లిపాయ కొయ్యమంటారా, నెయ్యి ఉందా?' అని అడిగారు, అంతే. ఏ పెళ్ళి సంబంధానికీ పనికిరాని ఇలాంటి సంభాషణల వల్ల ఒరిగేదేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ పచ్చడి వచ్చిన స్టీలు గిన్నె గురించి వివరంగా చెప్పాలి. నేరమంతా దాని చుట్టూనే జరిగింది. మన ఇళ్ళల్లోని గిన్నెలన్నిటికీ ఉన్నట్టే దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా ఒక పేరు, ఒక పెళ్ళి తేదీ కొట్టించి ఉన్నాయి. తోమి వెనక్కి ఇచ్చేస్తే లెక్క అక్కడితో సరిపోయేది. కానీ ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఆవిడకు వాళ్ళమ్మ చెప్పిందట. నాలుగు చక్కెర పలుకులైనా వేసి పంపాలట. చక్కెరతో ఆగకుండా సున్నుండలు వేసి పంపింది. గుంటూరావిడ 'అయ్యో వదినా, ఇవన్నీ ఎందుకు' అంటూనే అందుకుంది. సున్నుండలు తీసుకుని, అదే గిన్నెలో కారప్పూస పోసి, సాయంత్రం తనకు పొయ్యిలోకి నిప్పిచ్చిన పక్క గుడారానికి పంపింది. వాళ్ళు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు నింపి, నీళ్ళ బిందెలు మోసిపెట్టిన కాలేజీ కుర్రాళ్ళకు ఇచ్చారు. కుర్రాళ్ళ దగ్గర వండిందేమీ లేదు. గుట్ట వైపు వెళ్ళి గిన్నెడు రేగిపళ్ళు కోసుకొచ్చి, జ్వరం తగ్గిన పిల్లాడికి తెచ్చిచ్చారు.

మా అసోసియేషన్ ఆడిటర్ రిటైరైన బ్యాంకు ఉద్యోగి. ఈ వివరాలన్నీ ఆయన ముందు పెడితే రెండు కాగితాల నిండా గీతలు గీసి కళ్ళజోడు తీసేశారు. గిన్నె ఎప్పుడూ ఖాళీ కాలేదు కాబట్టి ఏ ఖాతానూ మూసే వీలు లేదన్నారు. పైగా ప్రతి ఒక్కరూ తామే బాకీ ఉన్నామనుకుంటున్నారు, అప్పిచ్చినవాడు ఒక్కడూ దొరకడం లేదు. ఇలాంటి బ్యాంకు ఎన్నాళ్ళు నడుస్తుందని ఆయన ప్రశ్న. మా అమ్మమ్మ నాటి నుంచీ నడుస్తోందని మా ఆవిడ జవాబు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను విషయాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేశాను.

మా బిల్డింగు ఆదర్శం వేరు. ఎవరైనా ఫ్లాటు అమ్ముకుని వెళ్ళిపోతుంటే నో డ్యూస్ సర్టిఫికెట్ ఇస్తాం. అంటే ఈ మనిషి ఇక్కడ ఎవరికీ ఏమీ బాకీ లేడు, ఈయనకూ ఎవరూ ఏమీ బాకీ లేరు. ఏళ్ళ తరబడి గోడకు గోడ ఆనించి బతికిన మనుషుల మధ్య ఇంత శుభ్రమైన లెక్క ఇంకెక్కడైనా కుదురుతుందా? కింద సంతకం పెట్టిన ప్రతిసారీ నా ఛాతీ పొంగుతుంది.

ఆ తోటలో ఇంకో అలవాటుంది. ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు మిగిలిన కట్టెలు చెట్టు మొదట్లో పేర్చి, మంచుకు తడవకుండా పట్టా కప్పి మరీ వెళ్తున్నారు. తర్వాత వచ్చేవాళ్ళకోసమట. ఊరూ పేరూ తెలియని లబ్ధిదారులకు, ఆధార్ కార్డు కూడా చూడకుండా, ఇలా పంచిపెట్టడం ప్రభుత్వాలకు చెల్లుతుంది గానీ, అదీ ఎన్నికల ముందు, మామూలు మనుషులకు తగునా?

ఈ జబ్బు విజయవాడకు ఇదివరకే తగిలిందని గుర్తుచేసేవాళ్ళున్నారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు ఊరి మీద పడింది. సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట వీధుల్లో పడవలు తిరిగాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోతోంది. కరెంటు లేదు, లిఫ్టు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. పాలప్యాకెట్లు పడవల్లో వచ్చాయి, భోజనం పొట్లాలు డ్రోన్లు జారవిడిచాయి. ఆ రోజుల్లో పై అంతస్తులవాళ్ళు కింది అంతస్తులవాళ్ళను ఇంట్లో పెట్టుకుని, ఉన్న బియ్యం ఒకే పొయ్యి మీద వండిన మాట వాస్తవం. నేను కాదనను. కానీ నీళ్ళు తీశాక ఏమైందో కూడా చెప్పాలి కదా. పాడైపోయిన మోటారు రిపేరు ఖర్చు అందరూ సమానంగా భరించాలా, మునిగినవాళ్ళే భరించాలా అన్న తగాదా మొదలై, జనజీవనం సాధారణ స్థితికి చేరుకుంది.

ఉప్పలపాడు ఉదాహరణ కూడా ఎవరూ తేవద్దని మనవి. గుంటూరుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆ చెరువు చెట్ల మీద గూడబాతులు, కొంగలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని గూళ్ళు కట్టుకుంటాయి. బాగానే ఉంది. వాటికి పార్కింగ్ సమస్య లేదు.

నివారణ మార్గం లేకపోలేదు. నేను చూసినంతలో ఈ మంచితనం కరెంటు, గోడ, గొళ్ళెం లేనిచోటే పుట్టుకొస్తోంది. కాబట్టి గుడారానికో ఇన్వర్టర్, గుడారానికో బాత్రూము, గుడారానికో సొంత చలిమంట ఇప్పించాలి. కొన్ని ఖరీదైన రిసార్టులు ఇప్పటికే ఆ దారిలో ఉన్నాయి. గుడారంలో ఏసీ, గంట నొక్కితే భోజనం. అక్కడ రెండు రాత్రులు గడిపినా పక్క గుడారంలో ఉన్నది మనిషో ఎలుగుబంటో తెలియదు. ప్రకృతి ఒడి అంటే అలా ఉండాలి. ఇరుగుపొరుగు మీద మాకేదో ద్వేషమని అనుకోవద్దు. బావి దగ్గర నీళ్ళు తోడే అమ్మలు, చల్ల చిలికే అవ్వ, ఎద్దులబండి, అంతా పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మల సెట్టు మా షోకేసులోనే ఉంది. అద్దం వెనక ఉన్నంతకాలం ఆ పల్లెటూరు అందరికీ ముచ్చటే. వారానికోసారి దుమ్ము కూడా దులుపుతాం.

అయితే అంటువ్యాధి అప్పటికే గేటు దాటి వచ్చేసింది. తిరుగు ప్రయాణం హడావిడిలో ఆ స్టీలు గిన్నె 303 వాళ్ళ కారు డిక్కీలో పటమట చేరింది. 303 ఆవిడ దాని ఫొటో తీసి గ్రూపులో పెట్టి, 'ఇది గుంటూరు వాళ్ళది. ఖాళీగా పంపలేం కదా, ఏం పెడదాం?' అని అడిగింది. 'మోటార్ ఆపండి', 'ఈ కారు ఎవరిది?' తప్ప వేరే వాక్యం ఎరగని గ్రూపు అది. అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంది. ఒకరు పూతరేకులన్నారు. కొన్నవి పంపితే ఏం బాగుంటుందని ఇంకొకరన్నారు. చివరికి అరిసెలన్నారు. అరిసెలంటే బియ్యం నానాలి, పిండి తడి ఆరకముందే పాకం కుదరాలి, ఆ పాకం పట్టడం ఈ తరంలో ఎవరికీ రాదు. అప్పుడు 402 పెద్దావిడ నుంచి మెసేజ్ వచ్చింది. 'నేను పడతాను' అని. అంతే రాసింది. ఆయన పోయాక ఆవిడ కిందికి దిగడం ఎవరూ చూడలేదు.

ఆదివారం సెల్లార్‌లో గాడిపొయ్యి వెలిగించారు. సెల్లార్‌లో నిప్పు రాజేయడం బైలాస్‌కు విరుద్ధమని గుర్తుచేయడానికే వెళ్ళాను. పొయ్యి పెట్టింది నా పార్కింగ్ స్థలంలో. ముందురోజు రాత్రే నా చేత కారు తీయించిన 303 నాకో గరిట అందించి, వేగిన అరిసె నుంచి నూనె పిండమన్నాడు. జనరల్ బాడీ మీటింగుకు ఏనాడూ కోరం రాని బిల్డింగులో నిలబడ్డానికి చోటు లేదు. బాకీ ఉన్న 104 నెయ్యి డబ్బా తెచ్చాడు. దాన్ని మెయింటెనెన్స్ కింద జమ చేసుకోవచ్చా అని ట్రెజరర్ నా చెవిలో అడిగాడు. చేసుకోకూడదన్నాను. బెల్లం, నువ్వుల బిల్లు ఏ పద్దు కింద రాయాలని ఆయనే మళ్ళీ అడిగితే 'మరమ్మతులు' అని రాయమన్నాను.

ఆడిటర్ అభ్యంతరం చెబుతారన్న టెన్షన్‌తో మొదటి వాయి పళ్ళెంలో పెట్టి ఆయన ఇంటికే పంపాం. బిల్లు గురించి ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు. ఆ పళ్ళెం కూడా తిరిగి రాలేదు. అందులో ఏం పెట్టి పంపాలా అని ఆలోచిస్తున్నారట.