కెమెరా పెట్టండి, చలానాలో వాటా మాత్రం వద్దు

తిరుపతి రోడ్లపై ట్రాఫిక్ కెమెరాలు పెంచితే ప్రమాదాలు తగ్గుతాయని ఒక వ్యాసంలో రాశారు. కెమెరాలకు నేను వ్యతిరేకిని కాను. అలిపిరి రోడ్డులో రాత్రిపూట టెంపో ట్రావెలర్లు పోయే స్పీడు చూస్తే గుండె దడ పుడుతుంది. నా బాధంతా కెమెరాలు నడిపే కంపెనీకి ఇచ్చే కాంట్రాక్టు గురించే. ఆ కంపెనీకి చలానాకింత అని వాటా ఇస్తే, జనం బుద్ధిగా బండి నడిపిన రోజు దానికి నష్టం. అప్పుడు కెమెరా ప్రమాదాలు జరిగే మలుపులో ఉండదు, చలానాలు రాలే చోట ఉంటుంది. అమెరికాలోని షికాగోలో ట్రాఫిక్ కెమెరాల కాంట్రాక్టు కోసం లంచం తిన్న అధికారికి 2016లో 10 ఏళ్ల జైలు పడింది. అక్కడే పసుపు లైటు ఉండాల్సిన 3 సెకన్లకు పిసరంత తక్కువ వెలిగినా చలానాలు వేశారు. 2014లో లెక్క తీస్తే అలాంటివి సుమారు 77 వేలు!

నాకూ పోయిన నెల ఒక చలానా వచ్చింది. ముందు చక్రం స్టాప్ లైన్ దాటిందట. వెళ్లి చూస్తే ఆ గీత అరిగిపోయి, ఏదో మరకలా మిగిలింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఏ ప్రకారం కెమెరా ఉన్నచోట హెచ్చరిక బోర్డు కనబడాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. ముందు గీతలు వేయించండి, బోర్డులు పెట్టించండి. కంపెనీకి నెలకింత అని అద్దె కట్టండి, ఆ ఒప్పందం కాగితం జనానికి చూపించండి.