బావగారి అరగంట

మా బావగారి ఎడమ చెయ్యి ఈ మధ్య రెండు దేశాలను మోస్తోంది. పోయిన దసరాకు కొడుకు డల్లాస్ నుంచి తెచ్చిన జీఎంటీ వాచీ అది. మామూలు ముళ్లు మన టైమ్ చూపిస్తాయి, ఎర్ర ముల్లు అమెరికా టైమ్ చూపిస్తుంది. నల్లగొండలో క్లాక్ టవర్ తర్వాత అంతటి కట్టడం ఇదే.

మొన్న డిసెంబర్‌లో ఒక గృహప్రవేశానికి పోయాం. బంతిలో పక్కాయన పొరపాటున అడిగాడు: "అక్కడ ఇప్పుడెంతయింది అన్నా?" అప్పుడు రాత్రి ఎనిమిది పది. బావగారు కళ్లద్దాలు సర్దుకుని, చెయ్యి ట్యూబ్‌లైట్ కిందికి ఎత్తారు. "పొద్దున ఎనిమిది పది... ఆగు, అరగంట కలపాలె." కలిపారు. "కాదు, తియ్యాలేమో." తీశారు. అనుమానమొచ్చి, పప్పు అంటిన వేళ్లతోనే చాబి మర విప్పి గుంజారు. తారీఖు మారింది. సాంబారు పోయింది, పెరుగు పోయింది, బంతి లేచింది. తొమ్మిది దగ్గర పడుతోంది, అది దాటాక తారీఖు ముట్టుకుంటే వాచీ లోపలి చక్రాల పళ్లు విరుగుతాయని ఆయనకు చెమటలు. చివరికి ఐదో తరగతి పిల్ల ఫోన్ చూసి చెప్పింది: "పెదనాన్నా, అక్కడ తొమ్మిదీ పది." అరగంట లెక్కకు సరిగ్గా అరగంట పట్టింది.

తప్పు బావగారిది కాదు. 1955లో రోలెక్స్ వాళ్లు పాన్ యామ్ అనే అమెరికా విమాన కంపెనీ పైలట్ల కోసం ఈ తరహా వాచీ చేశారు. నిమిషాల ముల్లు ఒక్కటే, రెండు దేశాలూ దాన్నే పంచుకోవాలి. రెండో టైమ్‌కు గంటలే కదుల్తాయి. మనమేమో 1906 నుంచీ గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందున్నాం. ఆ 'న్నర' వాళ్ల పళ్లచక్రంలో పట్టదు. నలభై తొమ్మిదేళ్లు టైమిచ్చాం, చాలలేదు పాపం.

దీనికంటే సులువు ఉపాయం ఏ వాచీలోనైనా ఉంది. తలకిందులు చేసి చూడండి, లండన్ టైమ్ వస్తుంది. మన పది అక్కడ నాలుగున్నర. చలికాలంలోనే పనికొస్తుంది, పైసా ఖర్చు లేదు. మనోళ్లు డల్లాస్ పోయిరి, ఏం చేస్తాం.

సరే, నవ్వింది చాలు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ సాయంత్రం మా అక్క ఎప్పట్లాగే ఏడింటికి కొడుకు కాల్ కోసం ఫోన్ ముందు కూర్చుంది. మోగలేదు. ఏడున్నరకు యాక్సిడెంటేమో అంది. ముప్పావుకు ఏడ్చింది. ఎర్ర ముల్లు మాత్రం నిమ్మళంగా పాత టైమే చూపిస్తోంది. ఎనిమిదింటికి వాడు నవ్వుతూ వీడియోలోకి వచ్చాడు. ఒరేయ్, అంత వాచీ మోసుకొచ్చినోడివి, "ఈ వారం గంట లేటుగా చేస్తానమ్మా" అని ఒక్క మెసేజ్ పెట్టలేవా? ఆ గంట ఎవడు తిరిగిస్తాడు ఆమెకు?

అక్క ఇప్పుడు మా నాన్న హెచ్‌ఎంటీ జనతాను టీవీ పక్కన పెట్టి డల్లాస్ టైమ్‌కు తిప్పింది. అరగంట తేడా దానికి లెక్కే కాదు. రోజూ పొద్దున చాబి ఇస్తూ అంటుంది: "ఏడున్నరయిందిరా అక్కడ. వాడు అన్నం తిన్నడో లేదో."