చదువుతూ ఉండగానే చెప్పే మాట

1662 డిసెంబరు చివర్లో శామ్యూల్ పీప్స్ అనే లండన్ ఉద్యోగి, నగరమంతా మెచ్చుకుంటున్న ఒక వ్యంగ్య కావ్యాన్ని రెండున్నర షిల్లింగులు పెట్టి కొన్నాడు. దాని పేరు హ్యూడిబ్రాస్. కాస్త చదివేసరికే అది వెకిలిగా తోచి, తన దగ్గర ఉండటమే సిగ్గనిపించి, ఆ రోజే పద్దెనిమిది పెన్నీలకు మరొకరికి అమ్మేశాడు. అయితే 1663 ఫిబ్రవరి మొదటి వారంలో అదే పుస్తకాన్ని మళ్ళీ కొన్నాడు. లోకమంతా చమత్కారానికి పరాకాష్ఠ అంటున్నదాన్ని తానొక్కడే కాదనడం తన బుద్ధిలోని లోపమే అయి ఉంటుందని, మరోసారి చదివి ఆ చమత్కారం ఎక్కడుందో చూడాలని దినచర్యలో రాసుకున్నాడు. ఆ ఏడాది నవంబరులో రెండో భాగం వచ్చినప్పుడు మాత్రం కొనకుండా అరువు తెచ్చుకున్నాడు. మొదటి భాగాన్ని రెండు మూడు సార్లు చదివి మెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా తనవల్ల కాలేదని అప్పుడు ఒప్పుకున్నాడు.

ఈ చిన్న ఉదంతం ఆ కావ్యం గురించి మనకు చెప్పేది తక్కువ, చదవడం గురించి చెప్పేది ఎక్కువ. ఒక మనిషి తన రుచికీ పదిమంది మాటకీ మధ్య ఎలా నలిగాడో, ఏ దశలో ఏమనుకున్నాడో, చివరికి ఎక్కడ నిలబడ్డాడో అందులో వరుసగా కనిపిస్తుంది. పుస్తకం పూర్తయ్యాక తీరుబడిగా రాసే సమీక్షలో ఈ వరుస ఉండదు, ఎందుకంటే సమీక్షకుడు తన తికమకలను చెరిపేసి తీర్పును మాత్రమే మిగుల్చుతాడు. ప్రస్తుతం ఏం చదువుతున్నామో, అది ఎలా ఉందో నలుగురితో చెప్పుకునే అలవాటుకు ఒక ప్రత్యేకమైన విలువ ఉన్నదనీ, ఆ విలువ దాని అసంపూర్ణతలోనే ఉన్నదనీ నా అభిప్రాయం. సగం చదివినవాడి మాట ఆ పుస్తకం మీద తీర్పు కాదు, ఆ పుస్తకంతో గడుపుతున్న కాలానికి సాక్ష్యం. సాక్ష్యాన్ని తీర్పుగా చెప్పినా, తీర్పుగా విన్నా చిక్కులు మొదలవుతాయి.

దీనికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఆంగ్ల నవలా రచయిత్రి వర్జీనియా ఊల్ఫ్ దినచర్యల్లో దొరుకుతుంది. 1922 ఆగస్టులో ఆమె జేమ్స్ జాయిస్ రాసిన యులిసిస్ నవల చదువుతున్నారు. రెండువందల పేజీలు, అంటే మొత్తంలో మూడో వంతు కూడా కాకముందే, ఆమె తన స్థితిని నిక్కచ్చిగా నమోదు చేశారు. మొదటి రెండు మూడు అధ్యాయాలు, శ్మశానవాటిక ఘట్టం ముగిసేవరకు, తనను ఆకట్టుకున్నాయని, ఉత్సాహపరిచాయని, ఆ తర్వాత అయోమయం, విసుగు, చిరాకు పట్టుకున్నాయని రాశారు. సెప్టెంబరు 6న పుస్తకం ముగించి, ప్రతిభ ఉంది కానీ గురి తప్పిందని తేల్చారు. మర్నాడే ఆమె భర్త లెనార్డ్ ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన సమీక్షను ఆమె చేతిలో పెట్టారు. ఆ సమీక్ష తెలివైనదని, దాన్ని చదివాక పుస్తకం తాను అనుకున్నదానికంటే గట్టిగా కనిపిస్తోందని ఆమె ఒప్పుకున్నారు. అయినా తొలి అభిప్రాయాల్లో నిలిచే సత్యం కొంత ఉంటుంది కాబట్టి తన మాటను కొట్టివేయనని, కొన్ని అధ్యాయాలు మాత్రం మళ్ళీ చదవాలని రాసుకున్నారు.

ఆ మూడు నమోదుల్లో ఏది ఊల్ఫ్ అసలు అభిప్రాయం అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. మూడూ ఆమెవే. వాటిలో చివరిదాన్ని మాత్రమే తీసుకుని మిగతావి వదిలేస్తే మనకు దక్కేది ఒక వాక్యం. మూడింటినీ వరుసగా చదివితే ఆ నవల ఎక్కడ పట్టు సడలించిందో, ఒక పదునైన పాఠకురాలికి ఎక్కడ అడ్డం తిరిగిందో, మరొకరి చదువు ఆమె చదువును ఎంతవరకు కదిలించిందో, ఎక్కడ కదిలించలేకపోయిందో అర్థమవుతుంది. జాయిస్ మరణించినప్పుడు, 1941 జనవరిలో, ఊల్ఫ్ మరో సంగతి గుర్తు చేసుకున్నారు. చాలా ఏళ్ళ క్రితం ఆ నవల టైపు ప్రతి తమ ఇంటికి వచ్చినప్పుడు కథా రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని వెక్కిరిస్తూ పైకి చదవడం మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆగి, ఇందులో ఏదో ఉందని అన్నారట. ఆ కొద్ది నిమిషాల్లో ఒక అభిప్రాయం పుట్టి, పెరిగి, తలకిందులైంది. దీన్ని ఏ రేటింగులో ఇమడ్చగలం?

రేటింగుల లోకంలో ఏం జరిగిందో చూడాలి. 2005లో లైబ్రరీథింగ్, 2007లో గుడ్‌రీడ్స్ అనే పాఠకుల వెబ్‌సైట్లు వచ్చాయి. పాఠకులు తమ అలమరాలను ఒకరికొకరు చూపించుకునే వీలు దీనితో ప్రపంచవ్యాప్తమైంది. గుడ్‌రీడ్స్‌ను 2013లో అమెజాన్ కొనుగోలు చేసింది. చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకుంటున్నవి అనే మూడు అరల ఏర్పాటు నిజానికి మంచి ఏర్పాటే. చార్లెస్ డార్విన్ కూడా 1838 నుంచి 1860 వరకు చదవాల్సిన పుస్తకాలకు, చదివిన పుస్తకాలకు వేర్వేరు జాబితాలు రాసుకున్నాడు. చిక్కల్లా ఆ అరల పక్కన పెట్టిన నక్షత్రాల దగ్గరే వచ్చింది. గుడ్‌రీడ్స్ వివరణ ప్రకారం రెండు నక్షత్రాలంటే ‘పరవాలేదు’, మూడంటే ‘నచ్చింది’. వాడుకలో మాత్రం మూడు నక్షత్రాలు చూసిన రచయిత నిట్టూరుస్తాడు, పాఠకుడు పక్కకు తప్పుకుంటాడు. ఒకరి ‘నచ్చింది’, మరొకరి ‘సమయం వృథా’, ఇంకొకరి ‘చిన్నప్పుడు చదివి ఉంటే బాగుండేది’ అన్నవి కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరి అభిప్రాయమూ కాదు.

దీని మరీ వికృతమైన రూపం 2023 జూన్‌లో కనిపించింది. అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ సైబీరియా నేపథ్యంగా రాసిన నవల మరుసటి ఏడాది రావాల్సి ఉండగా, యుక్రెయిన్ యుద్ధ సమయంలో రష్యా కథ ఏమిటన్న ఆగ్రహంతో వందలమంది దానికి గుడ్‌రీడ్స్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చారు. ఇంకా అచ్చు కాని పుస్తకం అది. ఆమె ప్రచురణను వాయిదా వేసుకున్నారు. ఆ ఆగ్రహం న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. చదవడంతో సంబంధమే లేని మాట, చదివినవారి మాటతో సమానమైన తూకంతో అదే చోట నిలబడగలిగిందన్నది ఇక్కడి సమస్య. అలాంటి చోట ‘నేను నలభయ్యో పేజీలో ఉన్నాను, ఇంతవరకు నాకు ఇలా తోచింది’ అనే సాదా వాక్యం ఎంత నిజాయితీ గలదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ నిజాయితీ మనం అనుకున్నంత సులభమైనది కూడా కాదు. చదువుతున్నామని చెప్పుకోవడంలో చదువు ఎంత, ప్రదర్శన ఎంత అన్న అనుమానం పాతదే. 2014లో గణితశాస్త్రవేత్త జోర్డన్ ఎలెన్‌బర్గ్ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో దీనికి ఒక సరదా కొలమానం తయారు చేశాడు. కిండిల్ అనే ఈ-పుస్తక పరికరంలో ఒక పుస్తకానికి పాఠకులు ఎక్కువగా గీతలు గీసుకున్న ఐదు భాగాలు ఏ పేజీల్లో ఉన్నాయో తీసుకుని, వాటి సగటును మొత్తం పేజీలతో భాగించాడు. అందరూ చివరిదాకా చదివితే గీతలు పుస్తకమంతటా పరుచుకుంటాయి, మధ్యలో వదిలేస్తే మొదట్లోనే గుంపుగా ఉంటాయి. స్టీఫెన్ హాకింగ్ కాల చరిత్రకు వచ్చిన అంకె 6.6 శాతం, థామస్ పికెటీ పెట్టుబడి మీద రాసిన లావుపాటి గ్రంథానికి 2.4 శాతం. ఇది శాస్త్రం కాదని ఆయనే అన్నాడు. నిజమే, పుస్తక సారాంశమంతా పీఠికలోనే ఉంటే గీతలు అక్కడే పడతాయి. అయినా ఆ లెక్క చూసి నవ్వుకున్నవారిలో చాలామందికి తమ అలమరాలోని ఒకటో రెండో పుస్తకాలు గుర్తుకొచ్చి ఉంటాయి.

ఏటా ఇన్ని పుస్తకాలు చదువుతానని ముందే ప్రకటించి లెక్క పూర్తి చేసే పోటీలు ఈ ప్రదర్శనను ఇంకొంచెం పెంచాయి. లెక్క కోసం చదివేవాడు డిసెంబరు వచ్చేసరికి సన్నటి పుస్తకాల వైపు మొగ్గుతాడు, కష్టమైనదాన్ని వచ్చే ఏడాదికి తోస్తాడు. తప్పని అనను, కానీ అతని జాబితా చూసి ఇతరులు పుస్తకాలు ఎంచుకోవాలంటే మాత్రం కాస్త ఆలోచించాలి. నా దృష్టిలో, వదిలేసిన పుస్తకాలను కూడా పేర్కొనే పాఠకుడి జాబితా, అన్నీ ముగించినవాడి జాబితా కంటే నమ్మదగినది. ఎక్కడ వదిలేశాడో, ఎందుకు వదిలేశాడో చెబితే మరీ మంచిది.

ఇంతకూ ఇలా చెప్పుకోవడం ఎవరికోసం? భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో రెండు ఈ ప్రశ్నకు సరిపోతాయి. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి. పుస్తకం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు, ఎవరికి ఏది అన్న ప్రశ్న ఉంది. 1904లో జొహానెస్‌బర్గ్ స్టేషన్‌లో గాంధీని రైలెక్కించడానికి వచ్చిన మిత్రుడు హెన్రీ పోలక్, ఇది మీకు తప్పక నచ్చుతుందని చెప్పి జాన్ రస్కిన్ పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. డర్బన్‌కు ఇరవై నాలుగు గంటల ప్రయాణం. పుస్తకం మొదలుపెట్టాక పక్కన పెట్టలేకపోయానని, ఆ రాత్రి నిద్ర పట్టలేదని, దాని ఆదర్శాల ప్రకారం జీవితాన్ని మార్చుకోవాలని నిశ్చయించుకున్నానని గాంధీ ఆత్మకథలో రాశారు. ఆ ఏడాదే ఫీనిక్స్ ఆశ్రమం మొదలైంది. పోలక్ మాటలో విమర్శ లేదు, విశ్లేషణ లేదు. అతనికి పుస్తకమూ తెలుసు, ఎదుటి మనిషీ తెలుసు.

పోలక్‌కు ఉన్న ఆ రెండో తెలివిడి, అపరిచితులకు రాసే మనకు ఉండదు. ఆ లోటును పూడ్చుకోవడానికి మార్గం ఒకటే, మన గురించి కొంత చెప్పడం. ఏ ఆశతో పుస్తకం తీశాం, ఇంతకుముందు ఈ తరహావి ఏం చదివాం, దేనికి మనకు ఓపిక తక్కువ అన్నది తెలిస్తే, వినేవాడు మన మాటను తన కొలతకు మార్చుకుంటాడు. పాత్రల గుణగణాలను పట్టించుకోని పాఠకుడు ‘పాత్రలు పేలవంగా ఉన్నాయి’ అన్నాడంటే అవి నిజంగానే పేలవమై ఉండాలి. ప్రతి పుస్తకంలోనూ వేగం వెతికేవాడు ‘నెమ్మదిగా ఉంది’ అంటే, నెమ్మదిని ఇష్టపడేవారికి అదే సిఫార్సు.

ప్రస్తుతం నేను చదువుతున్నది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా సాగిన యాత్రను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు ఎప్పటికప్పుడు రాసి పంపగా, వీరాస్వామయ్య మరణానంతరం 1838లో అవి పుస్తకంగా వచ్చాయి. తెలుగులో తొలి యాత్రా గ్రంథాల్లో ఒకటన్న పేరు విని, యాత్రాకథనం కోసం దీన్ని తెరిచాను. కథనం కోసమైతే ఇది సహనాన్ని పరీక్షిస్తుంది. ఊరి తర్వాత ఊరు, దారి ఎలా ఉంది, నీళ్ళు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా లేదా, దిగడానికి చోటు ఉందా, ఇదే వరుస. కొంత దూరం వెళ్ళాక చదివే పద్ధతి మార్చి, ఒక కార్యదక్షుడైన ఉద్యోగి లోకాన్ని ఎలా పరిశీలిస్తాడో చూడటం మొదలుపెట్టాను, పుస్తకం వెంటనే ప్రాణం పోసుకుంది. పండితులు గ్రాంథికంలో తప్ప రాయని కాలంలో ఆయన మాట్లాడే భాషలో రాశాడు, ఆ వాక్యాల్లో ఇప్పటికీ మనిషి గొంతు వినిపిస్తుంది. మజిలీలో కూర్చుని రాసేవాడికి ముందున్న దారి తెలియదు, కాబట్టి తెలిసినట్టు నటించడు. మిగిలిన భాగం చదివాక నా మాట మారవచ్చు. ముఖ్యంగా ఆచారాల మీద, వర్ణాల మీద ఆయన చేసే వ్యాఖ్యలను ఎలా తీసుకోవాలన్నది నాకింకా తేలలేదు.

దీనికి ఎదురువాదం ఉంది, అది తేలికైనది కాదు. మధ్యలో మాట్లాడితే ఆ మాటకు కట్టుబడిపోతామని, నలుగురి ముందు బాగాలేదన్న పుస్తకం చివర్లో బాగుపడినా గుర్తించడానికి అహం అడ్డొస్తుందని కొందరు నోరు మెదపరు. కొన్ని పుస్తకాలు పాఠకుడిని ఉద్దేశపూర్వకంగానే ఇబ్బంది పెడతాయి కూడా. ఇటాలియన్ రచయిత ఉంబెర్టో ఈకో రాసిన, కొండమీది మఠంలో జరిగే ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ నవల మొదటి వంద పేజీలు చాలా కష్టంగా ఉన్నాయని, కుదించమని ప్రచురణకర్తల వైపువారు, మిత్రులు సలహా ఇస్తే ఆయన నిరాకరించాడు. మఠంలో ఏడు రోజులు గడపదలచినవాడు ఆ మఠం లయకు అలవాటు పడాలని, అలవాటు పడలేనివాడు కొండ కిందే ఉండిపోతాడని ఆయన తర్వాత వివరించాడు. అలాంటి నవల మీద అరవయ్యో పేజీలో విసుగు ప్రకటించినవాడు, రచయిత కావాలని పెట్టిన పరీక్షను లోపంగా చెప్పినట్టవుతుంది.

అయినా ఆ విసుగు చెప్పకూడదని నేను అనుకోను. మొదటి వంద పేజీలు భారంగా ఉంటాయన్నది నిజం, ఈకోకు కూడా తెలిసిన నిజం. ఆ సంగతి ముందే తెలిస్తే వారాంతంలో కాలక్షేపానికి నవల వెతుకుతున్నవాడు మరో పుస్తకం తీసుకుంటాడు, కొండ ఎక్కే ఓపిక ఉన్నవాడు సిద్ధపడి మొదలుపెడతాడు. చెప్పేవాడు పాటించవలసిన నియమం చిన్నదే, తాను చదివిన పేజీల గురించి మాట్లాడి, చదవని పేజీల జోలికి పోకుండా ఉండటం. అభిప్రాయం మారినప్పుడు పాతదాన్ని చెరిపేయకుండా దాని కిందే కొత్తది తేదీతో రాస్తే, అహం అడ్డుపడుతుందన్న వాదనకు కూడా చాలావరకు పని ఉండదు. ఇక వినేవారు చేయగలిగింది, ‘పుస్తకం బాగుందా’ అని అడిగే బదులు ‘ఎంతదాకా వచ్చారు, అక్కడ ఏం జరుగుతోంది’ అని అడగడం. మొదటి ప్రశ్నకు అందరూ ఒకేలాంటి జవాబులు చెబుతారు, రెండోదానికి ఎవరి జవాబు వారిదే అవుతుంది.