బంగారం ఆమెది, సిబిల్ ఆయనది

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు భీమవరంలో, అమలాపురంలో వీధికి నాలుగైనా ఉంటాయి. అక్కడి నుంచి ఫోన్లలో వస్తున్న కొత్త సలహా ఒకటుంది. ఇంట్లో ఒకరికి పాత క్రెడిట్ కార్డు ఉంటే భార్యనో కొడుకునో దానికి చేర్చేయండి, వాళ్లకూ క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు తీర్చే తీరుకు వచ్చే మార్కు, వచ్చేస్తుంది అని. అక్కడ అది నిజమే. మన దగ్గర ఆ ఆశ పెట్టుకోవడం దండగ.

అమెరికాలో 1974 నాటి సమాన రుణావకాశాల చట్టం కింద నిబంధనలు వచ్చాయి. భార్యాభర్తలిద్దరూ వాడే ఖాతా చరిత్రను ఇద్దరి పేరు మీదా రాయాల్సిందే అన్నాయి. మనకు అలాంటిది లేదు. భర్త కార్డు మీద భార్యకిచ్చే అదనపు కార్డును యాడ్-ఆన్ కార్డు అంటారు. దాని బాకీ మొత్తం అసలు కార్డుదారుదేనని రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. అప్పు ఆయనది కాబట్టి సకాలంలో కట్టిన పేరూ ఆయనదే. ఆమె క్రెడిట్ రిపోర్టులో ఎప్పుడైనా ఆ కార్డు కనిపించినా, వాడుకోవడానికి అనుమతి పొందిన మనిషిగానే ఆమె అందులో ఉంటుంది.

ఖర్చు ఎంతవుతోందో ఒకే బిల్లులో తెలుస్తుంది, కాలేజీ పిల్లాడికి చేతిలో కార్డు ఉంటుంది, మళ్లీ వేరే దరఖాస్తెందుకు అంటారు. సౌకర్యం కోసమైతే తీసుకోండి, ఎవరు కాదన్నారు?

నా అభ్యంతరమల్లా అంతకంటే పాతదైన మన అలవాటు మీద. సార్వా పెట్టుబడికి ఇంట్లోంచి బ్యాంకుకు వెళ్లేది ఎవరి బంగారం? పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు, నల్లపూసలు. తాకట్టు కాగితం మీద పేరు మాత్రం భర్తది. ధాన్యం డబ్బు రాగానే వడ్డీతో సహా కట్టి విడిపిస్తారు, మళ్లీ దాళ్వాకు పెడతారు. బ్యాంకులో పెట్టిన బంగారం అప్పు కూడా, అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ సంస్థకు చేరుతుంది. అంటే ఆ నగలు ఏడాదికి రెండుసార్లు మంచి చరిత్ర రాస్తూనే ఉన్నాయి, ఆయన పేరు మీద. ఆమె రేపు కుట్టు మిషన్ల షాపుకో, పాడి గేదెలకో సొంతంగా అప్పు అడిగితే స్కోరు గడిలో అంకె ఉండదు. 300 నుంచి 900 దాకా ఉన్న ఆ కొలతలో ఆమెకు చోటే లేదు. తొలిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పిందనుకోండి. కౌంటర్ దగ్గర ఆ మాట ఎంత చెల్లుతుందో అందరికీ తెలుసు.

కాబట్టి యాడ్-ఆన్ గొడవ వదిలేయండి. ఈసారి నగలు ఆమె పేరు మీదే పెట్టండి. చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాని హామీతో ఆమెకే సొంత కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా వస్తుంది, తీసి చూసుకోండి. కార్డు బాకీ ఒక్క నెల తప్పితే మాత్రం దెబ్బ ఆమెకే తగులుతుంది, అది కూడా ముందే తెలిసి ఉండాలి.

పని ఒకరిది, పేరు ఇంకొకరిది అనే ఈ రోగం ఇల్లు దాటి పొలం దాకా పాకింది. డెల్టాలో నాట్లు వేయించేది, ఎరువు కొనేది, తుపానుకు పడిపోయిన చేను చూసి ఏడ్చేది కౌలు రైతు. పట్టాదారు పాస్‌పుస్తకం మీద పంట రుణం తీసుకునేది హైదరాబాదులో ఉండే ఆసామి. బస్తాల లెక్కన కౌలు కొలిచి, నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి, అణా పైసలతో సహా తీర్చే మనిషి నిజాయితీ ఏ రికార్డుకూ ఎక్కదు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. కౌలు రైతుకు పదకొండు నెలలు చెల్లే సాగుదారు కార్డు ఇస్తామన్నారు, కాకపోతే భూ యజమాని సంతకం కావాలన్నారు. భూమి పోతుందన్న భయంతో సంతకం పెట్టనివాళ్లు ఊరూరా ఉన్నారు. చట్టం అక్కడే చచ్చింది. పొలంలో దిగి చూసి, సాగు చేస్తున్నదెవరో ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంట నమోదులో ఎక్కించే సిబ్బంది ప్రభుత్వానికి ఉన్నారు. ఆ నమోదును నిక్కచ్చిగా చేయించి, దాని మీదే బ్యాంకు అప్పు ఇప్పించడానికి ఆసామి సంతకంతో పనేముంది?