పచ్చ టిక్కు చూసి నమ్మేస్తే ఎలా?

పొద్దున్నే మెయిల్ వస్తుంది, బ్యాకప్ జాబ్ పూర్తయిందని. పక్కన పచ్చ టిక్కు. మా ఆఫీసులో అందరికీ అది చాలు. "ఒకసారి రీస్టోర్ చేసి, అంటే ఆ బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చి చూశారా?" అని అడిగితే మాత్రం టెస్ట్ సర్వర్ ఖాళీ లేదంటారు, స్టోరేజ్ చాలదంటారు, వచ్చే నెల చూద్దామంటారు. ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదు. ఒళ్లు మండిపోతోంది.

మొన్న బ్యాకప్ లాగ్, అంటే ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు, తెరిస్తే, వాడుకలో ఉన్న ఫైళ్లు తెరుచుకోక వదిలేసినట్టు అందులోనే రాసి ఉంది. అలా వదిలేసినవాటిలో అకౌంట్స్ డేటాబేస్ ఉంది! పైన రిపోర్టులో మాత్రం "వార్నింగులతో పూర్తయింది" అని ఒక్క ముక్క. దాన్ని ఎర్రగా చూపిస్తే ఏం పోయింది?

2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. బ్యాకప్ కోసం వెతికితే ఏముంది, డేటాబేస్ వెర్షన్‌తో కుదరక, దాని కాపీ తీసే పీజీ డంప్ అనే టూల్ ఎప్పటినుంచో ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. దాదాపు 6 గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే బయటపెట్టారు. అది చదివాక కూడా రీస్టోర్ టెస్టుకు ఒక్క పూట దొరకదా? ఈ శనివారం ఆ టెస్ట్ సర్వర్ నాకివ్వండి చాలు, మిగతాది నేను చూసుకుంటా.