డిస్చార్జ్ ఉందంటే సంచి సర్దుకున్నాం

పొద్దున డ్రెస్సింగ్ చూసి పోతూ డాక్టర్ సిస్టర్‌తో అన్నాడు: "డిస్చార్జ్ ఉంది." అంతే! మా అమ్మ దుప్పటి మడిచింది, టిఫిన్ డబ్బా కడిగి సంచిలో దోపింది, నాయిన మంచి కాలికి చెప్పు కూడా తొడిగింది. నేను ఆటో పిలిచాను. సిస్టర్ వచ్చి ఒకటే నవ్వు. డిస్చార్జ్ అంటే ఇంటికి పంపడం కాదట, పుండు కారడమట. నవ్వడానికేముంది ఇందులో?

నాయినకు బత్తాయి తోటలో ముల్లు దిగింది. షుగర్‌తో కాలు మొద్దుబారి నాలుగు రోజులు తెలియనే లేదు. ఒట్టి కాళ్లతో తోటకు పోవద్దని ఎంత మొత్తుకున్నా వింటేగా! సరే, ఆ గొడవ ఇంట్లో తేల్చుకుంటాం.

కేసు షీటు తిరగేశాను. మొదట 'ప్యూరులెంట్', తర్వాత 'సీరోప్యూరులెంట్', ఇవాళ 'సీరస్'. ఫోన్‌లో వెతికితే తేలిందేమిటి? చీము, చీము కలిసిన రసి, ఒట్టి రసి! అంటే పుండు దారికొస్తోంది. ఇంత మంచి కబురు మంచం కాళ్ల దగ్గరే వేలాడుతుంటే మేం టెన్షన్‌తో చచ్చాం. ఐదో తరగతి చదివిన మా అమ్మ నిన్ననే గుడ్డ చూసి చెప్పింది, "చీము పోయింది బిడ్డా, ఇగ రసే కారుతుంది" అని. నెత్తురు కలిస్తే 'సీరోసాంగ్వినియస్' అట. ఆ మాట నోరు తిరిగేలోపు పుండే మానుతుంది. వాళ్ల 'పస్' మాత్రం ఏమిటి? లాటినోళ్ల చీమే కదా!

తిట్టేటప్పుడు మాత్రం "చీమూ నెత్తురూ లేవా" అని శుభ్రంగా తెలుగే వస్తుంది అందరికీ.

అయినా డాక్టర్లను అని ఏం లాభం? ఏడో తరగతిలో "మోకాలి పుండు రసి కారింది" అని వ్యాసంలో రాస్తే, మా తెలుగు సారే ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన 'స్రావం' అని రాశాడు. మోటు మాటట. క్లాసంతా వినేలా చదివి నవ్వించాడు కూడా. ఆ మోకాలి మచ్చ పోయింది గానీ ఆ నవ్వు నాకింకా గుర్తుంది సారూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో డాక్టరీ కూడా ఉర్దూలోనే చెప్పారు. మనకేమో తెలుగు సారుకే తెలుగు మాట పనికిరాలేదు!

ఆటో అన్న ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. ఖాళీగా పోవడానికి వంద అడుగుతున్నాడు.