శాంతమూర్తికీ నల్లకారుకీ పందెం

భీమవరంలో కోడంటే ప్రేమ లేనివాడు దొరకడు. కాకపోతే ఆ ప్రేమ సంక్రాంతి మూడు రోజులూ బరి దగ్గరా, ఆ తరవాత మూకుట్లోనూ తేలుతుంది. బతికున్న కోడితో ఊరికే కూర్చుని కబుర్లాడే కొంప మాత్రం మా వీధిలో మాదొక్కటే.

మొన్న కనుమనాడు మా బావమరిది సంచీ పట్టుకుని దిగాడు. "బావగారూ, కోజ!" అన్నాడు, లాటరీ తగిలినంత సంబరంగా. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, కోజ అంటే బరిలో ఓడిన పుంజు. బాదంపప్పులూ కీమా ఉడకబెట్టిన గుడ్లూ తిని పెరిగిన ఒళ్లు కదా, ఆ మాంసానికి మా వైపు గిరాకీ అంతా ఇంతా కాదు. అయితే ఈ కోజకి ఇంకా ప్రాణం ఉంది. తొడ మీద కత్తి గాటు. సంచీలోంచి మెడ బయటపెట్టి, తల పక్కకి వాల్చి, ఒంటికన్నుతో మా ఆవిణ్ణి చూసింది. అక్కడితో మా కూర సంగతి తేలిపోయింది.

"వీణ్ణి నేను వండను. కనుమనాడు మినుము తినాలన్నారు గానీ కోడిని కొయ్యాలని ఎవరన్నారు?" అంది. ఆ పండక్కి గారెలు అల్లప్పచ్చడితో తిన్నాం. బావమరిది తిన్నంతసేపూ తల ఎత్తలేదు. పశువుల డాక్టరు చేత కుట్లు వేయించాక పుంజుకి శాంతమూర్తి అని పేరు పెట్టింది మా ఆవిడ. పేరు చూసైనా బుద్ధి మారుతుందని ఆవిడ ఆశ.

మారినట్టే కనబడ్డాడు. మా వసారా చూరుకి పిచ్చుకల కోసం వరికుచ్చు వేలాడదీస్తాం. పైన పిచ్చుకలు ధాన్యం పొట్టు ఒలుచుకు తింటుంటే, కింద శాంతమూర్తి రాలిన గింజల కోసం కాచుకుని ఉండేవాడు. ఒక్క పిచ్చుకనీ తరిమింది లేదు. ఆకాశంలో గద్ద తిరిగితే మాత్రం ఉన్నచోటే గొంతుక్కూర్చుని, ఒంటికన్ను పైకి పెట్టి, సన్నగా ఒక కూత తీసేవాడు. అందరికంటే ముందు మా ఆవిడ లోపలికి పరిగెత్తేది. అలవాటైపోయింది పాపం.

ఇంకో ముచ్చట. మంచి గింజ దొరికితే పుంజు తాను తినదు. ముక్కుతో ఎత్తి, కింద పడేసి, మళ్లీ ఎత్తి, "కుక్కుక్కుక్కు" అని పెట్టని పిలుస్తుంది. మా ఇంట్లో పెట్ట లేదు. అందుకని మా ఆవిణ్ణి పిలిచేవాడు. ఆవిడ వెళ్లి, వంగి, ఆ గింజ తీసుకుని, "నువ్వు తిను నాన్నా" అంటే అప్పుడు తినేవాడు. పెళ్లయి ఇన్నేళ్లలో నేనెప్పుడూ అంత మర్యాద చూపించలేదని ఇంట్లో రోజూ వినబడేది.

చిక్కల్లా పై వాటాలో ఉండే ఇంటాయనతోనే. శాంతమూర్తి ఇంకా చీకటుండగానే కూసేవాడు. "దీపాలార్పి చీకట్లో పెట్టండి మాస్టారూ, తెల్లారిందని తెలియదు, కుయ్యదు" అన్నారాయన. లాభం లేదండీ, 2013లో జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని రేయీపగలూ మసక వెలుతురులోనే ఉంచి చూశారు, అయినా వేళకే కూశాయి, గడియారం దాని ఒంట్లోనే ఉంది అని చెప్పాను. "నా ఒంట్లోనూ ఉందండీ గడియారం. అది ఏడింటికి గానీ మోగదు" అన్నారు. ఆ ముక్కకి జపాన్ వాళ్ల దగ్గరా జవాబుండదు.

అలాంటి మనిషి కొత్త కారు కొన్నారు. నల్లది. మావుళ్లమ్మ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బంతిపూల దండతో తెచ్చి వాకిట్లో నిలిపారు. తలుపు తళతళలాడుతోంది, అందులో తల దువ్వుకోవచ్చు.

వసారా దిగి తాపీగా వస్తున్న శాంతమూర్తికి ఆ తలుపులో ఇంకో పుంజు కనబడింది.

మెడ ఈకలు గొడుగులా విచ్చుకున్నాయి. ఒక రెక్క నేలకి రాస్తూ పక్కకి రెండడుగులు వేశాడు. అవతలివాడూ వేశాడు. ఎగిరి తన్నాడు. అవతలివాడూ సరిగ్గా అంతే ఎత్తు ఎగిరాడు. అలాంటి సమఉజ్జీ వాడికి పుట్టాక తగల్లేదు. తలుపు ఢమఢమా మోగుతోంది.

ఆ చప్పుడు వేరే ఊళ్లో అయితే ఎవరికీ పట్టదు. ఇక్కడ టీ కొట్టు నిమిషంలో ఖాళీ అయింది.

"డేగ మీద ఐదొందలు!" అన్నాడొకడు. ఎర్ర ఈకల పుంజుని డేగ అంటారు.

"ఎదరదేవిటి మరి?"

"అదీ డేగే."

"నల్లకారులోది డేగెలా అవుద్దండీ? కాకి డేగ. ఆయ్, కారు మీద ఐదొందలు!"

ఒక పెద్దాయన వెనకనుంచి తోసుకొచ్చి, "కుక్కుట శాస్త్రం ప్రకారం చూడాలి. మాస్టారూ, పుంజుని ఏ దిక్కునుంచి వదిలారు?" అని నన్నడిగాడు. వసారాలోంచి అన్నాను. శాస్త్రంలో వసారా లేదన్నాడు.

ఇంతలో బైకు మీద అటు పోతున్న కానిస్టేబులు ఆగాడు. "పుంజెవరిది?" అన్నాడు. అప్పటిదాకా పందేలు ఎవరివో ఎవరికీ అంతు చిక్కలేదు గానీ, పుంజు ఎవరిదంటే అన్ని వేళ్లూ నా వైపే లేచాయి.

"1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఒకటి, 1974 నాటి జూద చట్టం ఒకటి. రెండూ పడతాయి మాస్టారూ. చదువుకున్నవారు..."

"పందేనికి రెండు పుంజులుండాలి కదండీ. రెండోది చూపించండి" అన్నాను.

ఆయన కారు చుట్టూ తిరిగాడు. వంగి కిందకి చూశాడు. అవతలివాళ్లు ఎత్తుకుపోయారేమోనని గుంపులో అందరి చంకలూ చూశాడు. చివరికి తలుపు దగ్గర కూర్చుని, అందులో తన మొహమే కనబడితే మీసం సవరించుకుని లేచాడు. "ఇది ఏ సెక్షన్ కిందకొస్తుందో స్టేషన్లో అడగాలి" అన్నాడు గానీ కదల్లేదు. శాంతమూర్తి మళ్లీ ఎగురుతున్నాడు మరి.

మా ఆవిడ లోపలినుంచి దుప్పటి తెచ్చి తలుపు మీద కప్పింది. ప్రత్యర్థి మాయం. శాంతమూర్తి అటూ ఇటూ చూసి, కారు బానెట్ మీదకెక్కి, రెక్కలు టపటపా కొట్టి, వీధి చివరిదాకా వినబడేట్టు కూశాడు.

"పారిపోయింది! డేగ గెలిచింది! తియ్యి ఐదొందలు!"

"గుడ్డ కప్పితే పారిపోయినట్టెలాగండీ?"

ఇంటాయన మెట్లు దిగొచ్చారు. మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆయన దుప్పటి ఎత్తి గీతలు చూశారు. గోరుతో రాసి చూశారు. వాటా ఖాళీ చెయ్యమంటారని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం డేగవాడి వైపు తిరిగారు.

"ఎవడ్రా ఓడిపోయిందన్నది? నా కారు ఉన్నచోటు నుంచి అంగుళం కదిలిందా?"

అంతా నిశ్శబ్దం. పెద్దాయన తల పంకించి, శాస్త్రప్రకారం ఆయన చెప్పింది న్యాయమే అన్నాడు.

"దుప్పటి తియ్యమ్మా, తేల్చుకుందాం" అన్నారు ఇంటాయన, లుంగీ ఎగ్గట్టి.

పైనుంచి ఆయన భార్య, "ఏవండీ, ఆ గీతలకి పెయింటు ఎవరు వేయిస్తారంట?" అని అరిచింది. ఆయనకి వినబడలేదు. కానిస్టేబులు నా చెవి దగ్గరకొచ్చి, పందెం ఎంతదాకా వెళ్లిందని అడిగాడు.

శాంతమూర్తి అప్పటికే బానెట్ మీది దండలోంచి ఒక బంతిరేకు పీకి, కింద పడేసి, మళ్లీ ఎత్తి, "కుక్కుక్కుక్కు" అని మా ఆవిణ్ణి పిలుస్తున్నాడు.

"ఆగండి," అంది మా ఆవిడ అందరితోనూ. "ముందు వాడు మంచినీళ్లు తాగాలి."